రికార్డుకు సరిపోయే కెమెరా

మా పురపాలక సంఘంలో ఏ పనీ తొందరపడి చేయరు. చేసిన పనికి సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుంది గానీ, చేయని పనికి ఎవరూ సంజాయిషీ అడగరు. ఈ సూక్ష్మం కడుపునిండా తెలిసిన డిప్యూటీ ఇంజినీరు భానోజీరావు గారి దగ్గర నేను గుమస్తాను. నా పేరు జోగారావు. ఆయన సంతకం పెట్టే కాగితాలన్నీ నా చేతి రాతే, కాబట్టి ఆయన మేధస్సును నా అంత దగ్గరగా చూసినవాళ్లు ఊళ్లో లేరు.

ఆ మేధస్సుకు తగిన పరీక్ష ఒక సెల్‌ఫోను రూపంలో వచ్చింది.

పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. పట్టణ ప్రజలు ఇచ్చే ప్రతి ఫిర్యాదుకూ ఇకమీదట ఫోటో జతపరచాలి. ఆ ఫోటో ప్రభుత్వ ఫోనుతోనే తీయాలి. ఆ ఫోనులో అత్యున్నత నాణ్యత గల కెమెరా ఉండాలి. కొనేముందు నమూనాగా ఒక ఫోను తెప్పించుకుని, మూల్యాంకన సంఘం ఒకటి వేసి, "సదరు కెమెరా తీసిన ఛాయాచిత్రము వాస్తవముతో ఎంతమేరకు సరిపోలుచున్నదో" తేల్చి నివేదిక పంపాలి. అది ఆమోదం పొందేవరకు ఫిర్యాదులు స్వీకరించరాదు. ఈ చివరి వాక్యం చదివాక మా ఆఫీసులో అందరికీ ప్రాణం లేచి వచ్చింది.

సంఘానికి భానోజీరావు గారు అధ్యక్షులు, అకౌంట్స్ ఆఫీసరు హైమవతి గారు సభ్యురాలు. నేను కన్వీనరుని. అంటే టీలు తెప్పించి, మాట్లాడినవి రాసేవాణ్ణి.

ఉత్తర్వు వచ్చిన మర్నాడే ఎర్నమ్మ వచ్చింది. ఆమె గెడ్డవీధి అంగన్‌వాడీ కేంద్రంలో ఆయా. అక్కడ టీచరు పోస్టు భర్తీ కాలేదు కాబట్టి టీచరు కూడా ఆమే. వంటా ఆమెదే, పాటా ఆమెదే, పిల్లల ముక్కులు తుడవడమూ ఆమె పనే. ఆ కేంద్రానికి ఆనుకుని మా మంచినీళ్ల ట్యాంకు ఉంది. ట్యాంకు కాళ్లలో ఒకటి నిలువునా పగిలింది, పైనుంచి పెచ్చులూడి కేంద్రం రేకుల మీద పడుతున్నాయి. పిల్లల్ని వేరే చోటికి మార్చుకోవాలంటే, 'ఈ ట్యాంకు ప్రమాదకరం' అని మునిసిపాలిటీ ఒక ముక్క రాసివ్వాలి. ఆ ముక్క కోసం ఎర్నమ్మ వానలు మొదలైనప్పటి నుంచి మా మెట్లు అరగదీస్తోంది.

"కొత్త రూలొచ్చిందమ్మా. ఫోటో లేనిదే ఫిర్యాదు తీసుకోకూడదు" అన్నాను.

ఆమె సంచిలోంచి తన ఫోను తీసింది. "నాను తీసినాను బావూ. ఇటు సూడండి. నా సెయ్యి ఆ పగుల్లోకి మణికట్టు దాకా ఎలిపోతన్నాది."

నిజమే. ఫోటోలో చెయ్యి సగమే ఉంది. మిగతా సగం ట్యాంకు కాల్లో ఉంది.

"ఇది ప్రైవేటు ఫోటో అమ్మా. ప్రభుత్వ ఫోటో కావాలి."

"పగులు గవర్మెంటుదే కదేటి?"

"పగులు ఉందో లేదో ప్రభుత్వ ఫోను చెప్పాలి. ఆ ఫోను మంచిదో కాదో సంఘం చెప్పాలి. అప్పుడు గానీ నీ కాగితం కదలదు."

"అందాకా పిల్లల్ని ఏటి సెయ్యమంటారు?"

దీనికి ఉత్తర్వులో జవాబు లేదు. టీ తాగి వెళ్లమన్నాను. తాగకుండానే వెళ్లిపోయింది.

ఫోను వచ్చింది. నల్లగా, నున్నగా, అరచేతిలో చేపపిల్లలా జారిపోతోంది. వెనక కెమెరా కళ్లు మూడు. కూతవేటు దూరంలో చీమ ఉన్నా దాని మీసాలు కనిపిస్తాయనీ, చీకట్లో కూడా పట్టపగల్లా వస్తుందనీ దుకాణంవాడు ఒక కాగితం జతచేశాడు. భానోజీరావు గారు దాన్ని చదివి పక్కన పెట్టారు.

"ముందు మన పరిధి నిర్వచించుకోవాలి" అన్నారు ఆయన. "ఫోటో వాస్తవంతో సరిపోవాలన్నారు. వాస్తవం అంటే ఏమిటి హైమవతి గారూ?"

హైమవతి గారు లెక్కల మనిషి, జాగ్రత్తపరురాలు. "ఉన్నది ఉన్నట్టు ఉండడం అనుకుంటానండి" అన్నారు.

"ఉన్నదని ఎవరు చెప్పాలి? దారిన పోయేవాడు చెబితే ఆడిట్ వాళ్లు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. రికార్డు చెప్పాలి. కనుక ఈ సంఘం దృష్టిలో వాస్తవం అనగా రికార్డు. ఫోటో రికార్డుతో సరిపోతే కెమెరా మంచిది. సరిపోకపోతే అందులో దోషం ఉన్నట్టు. రాయవయ్యా జోగారావు."

రాశాను. అంత చిన్న వాక్యంలో అంత పెద్ద విషయం ఇమిడిపోవడం చూసి నాకే ముచ్చటేసింది.

తొలి పరీక్ష అధ్యక్షుల వారి మీదే జరిగింది. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు, నేను ఫోటో తీశాను. సరిచూడడానికి ఆయన గుర్తింపు కార్డు బీరువాలోంచి తీయించారు. కార్డులో ఉన్న మనిషికి ఒత్తయిన జుట్టు, సన్నని మీసం, జీవితం మీద గొప్ప ఆశ ఉన్నాయి. ఫోనులో ఉన్న మనిషికి ఆ మూడూ లేవు. పైగా రంగేసిన నాలుగు వెంట్రుకల కింద తెల్లని మొదళ్లు, కంటి కింద సంచులు, పళ్ల సందులో పొద్దున తిన్న ఉప్మాలోని కరివేపాకు కూడా కనబడ్డాయి.

హైమవతి గారు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "రికార్డు ప్రకారం ఇది మీరు కాదండీ" అన్నారు.

భానోజీరావు గారు నాలుకతో కరివేపాకు తీసుకుని, నెమ్మదిగా అన్నారు. "నేను ఇక్కడే ఉన్నాను. రికార్డు బీరువాలోనే ఉంది. మధ్యలో కొత్తగా వచ్చింది ఎవరు? ఈ ఫోను."

'సదరు ఫోను అధ్యక్షుల వారిని గుర్తించుటలో విఫలమైనది' అని రాశాను. తర్వాతి వంతు హైమవతి గారిది. మహిళా ఉద్యోగుల విషయంలో ఈ పరీక్ష అనవసరమని ఆవిడ తన అసమ్మతిని అప్పటికప్పుడే నమోదు చేయించారు.

రెండో పరీక్షకు కొత్తపేట సిమెంటు రోడ్డుకు వెళ్లాం. కిందటేడు వేసిన రోడ్డు అది. వేసినట్టు కొలతలున్నాయి, బిల్లులున్నాయి, అప్పట్లో మా పాత కెమెరా తీసిన ఫోటో కూడా ఉంది. ఆ ఫోటోలో బూడిదరంగు మసక తప్ప ఏమీ లేకపోయినా, సిమెంటుది బూడిదరంగే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కొత్త ఫోను మాత్రం మోకాటి లోతు నీటిగుంట చూపించింది. అందులో ఒక గేదె, గేదె మీద ఒక కొంగ, కొంగ ముక్కులో ఒక కప్ప కూడా స్పష్టంగా పడ్డాయి.

"రోడ్డు ఎక్కడ?" అన్నారు భానోజీరావు గారు, ఫోను వంక కోపంగా చూస్తూ.

గేదెను తోలుకెళ్లడానికి వచ్చిన ఆసామి ఆ మాట విని, "రోడ్డేటండీ? ఇక్కడ రోడ్డు నేదు. అటు కూకటపాలెం ఎల్లాల" అని దారి చూపించబోయాడు.

"ఈ కెమెరాకు సిమెంటును పట్టుకునే శక్తి లేదు" అని అధ్యక్షుల వారు తేల్చారు. "జంతువుల మీద అనవసరమైన శ్రద్ధ కూడా ఉంది. రెండూ రాయి."

మూడోది ట్యాంకు. ఎర్నమ్మకు ఎవరు చెప్పారో, మేం వెళ్లేసరికి కేంద్రం గుమ్మంలో నిలబడి ఉంది. లోపల పిల్లలు పాట పాడుతున్నారు. పాతికమంది ఉంటారు, మరీ పసివాళ్లు. రికార్డు ప్రకారం ఆ ట్యాంకు 'దృఢముగా నున్నది, రంగు వేయబడినది'. నేను ఫోటో తీశాను. ఫోను ఆ పగులును కింద నుంచి పైదాకా చూపింది. లోపల తుప్పుపట్టిన చువ్వలు, చువ్వల మధ్య మొలిచిన రావిమొక్క, దాని లేత ఆకుల ఎరుపు కూడా దాచలేదు.

ఎర్నమ్మ నా భుజం మీంచి తొంగి చూసింది. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. "అదే బావూ, మా ట్యాంకే. నాను సెప్పినాను కదా. ఇంక కాగితం ఇచ్చేత్తారు కదేటి?"

భానోజీరావు గారు ఫోనును అటూ ఇటూ తిప్పారు. వేలితో రుద్దారు. ఊదారు. "ఇందులో పగులుంది" అన్నారు.

"అవును బావూ, ఇదిగో, ఈ కాల్లో" అని ఎర్నమ్మ చెయ్యి చాపింది.

"ట్యాంకులో కాదమ్మా. ఫోనులో. దృఢంగా ఉన్న ట్యాంకుకు పగులు కనిపించిందంటే అద్దం పగిలి ఉండాలి. జోగారావు, రిపేరుకు ఇవ్వు."

రిపేరు దుకాణంవాడు ఫోనుని విప్పి, చూసి, మళ్లీ బిగించాడు. "ఫోను శుభ్రంగా ఉన్నాదండి. ట్యాంకు బాగు సేయించుకోండి" అన్నాడు. అతనికి సివిల్ ఇంజినీరింగులో అర్హత లేదు కాబట్టి ఆ అభిప్రాయాన్ని పరిగణనలోకి తీసుకోలేదు.

అద్దంలో లోపం లేకపోతే దూరంలో ఉండాలని అధ్యక్షుల వారికి తోచింది. పగులు కనబడనంత దూరాన్ని 'ప్రామాణిక దూరం'గా నిర్ణయిద్దామన్నారు. మేం వెనక్కి నడవడం మొదలుపెట్టాం. వీధి చివర నుంచి తీశాం, పగులుంది. రైలు గేటు దగ్గర నుంచి తీశాం, ఉంది. ఆ పాడు ఫోను దూరాన్ని లెక్కచేయకుండా రావిమొక్కను కూడా వెతికి పట్టుకుంటోంది. చివరికి సినిమా హాలు వెనక్కి చేరాక పగులు మాయమైంది.

"ఇదే ప్రామాణిక దూరం" అన్నారు ఆయన, చెమట తుడుచుకుంటూ.

"ఇక్కడి నుంచి ట్యాంకే కనబడడం లేదండీ. మధ్యలో సినిమా హాలుంది" అన్నాను.

"మన పరీక్ష పగులు గురించి."

హైమవతి గారు మాత్రం ఒప్పుకోలేదు. ట్యాంకు లేని ట్యాంకు ఫోటోను ఆడిట్‌లో పట్టుకుంటారని ఆవిడ భయం. ఆ భయం న్యాయమైనదే. అందుచేత నివేదిక ఆగిపోయింది, నివేదికతోపాటు ఎర్నమ్మ కాగితమూ ఆగిపోయింది. ఆమె వచ్చి బెంచీ మీద కూర్చోవడం, నేను "ఇంకా పరీక్షలో ఉందమ్మా" అనడం, రోజూ జరిగే పనుల్లో ఒకటైపోయింది. ఒకరోజు ఆమె సంచిలోంచి అరచెయ్యంత సిమెంటు పెచ్చు తీసి నా బల్ల మీద పెట్టింది. "నిన్న అన్నం గిన్నెలో పడినాది" అంది. ఆ పెచ్చును ఏ ఫైల్లో పెట్టాలో తెలియక నేను కిటికీలో పెట్టాను. రాత పని చేస్తున్నంతసేపూ నా చూపు దాని మీదికే పోయేది.

దారి చూపించింది హైమవతి గారే. "ఇన్ని పరీక్షలు చేశాం గానీ, దీనికి స్టాకు నంబరు వేయించామా?" అని అడిగారు.

స్టాకు నంబరు గురించి ఒక మాట చెప్పాలి. మా ఆఫీసులోకి వచ్చిన ప్రతి వస్తువు మీదా పసుపు రంగుతో నంబరు వేస్తారు. కుర్చీలకుంది, ఫాను రెక్కలకుంది, మంచినీళ్ల కుండకుంది. ఒకసారి బీరువా మీద నిద్రపోతున్న పిల్లికి సగం నంబరు పడింది, అది లేచి వెళ్లిపోవడం వల్ల మిగతా సగం గోడకు వేశారు. నంబరు వస్తువులో అత్యంత విలువైన భాగం మీద ఉండాలని నిబంధన. లేకపోతే ఆ భాగాన్ని విప్పి పట్టుకుపోయి, నంబరున్న డొల్లను ఇక్కడ వదిలేసి పోతారు.

పెయింటర్ అప్పన్నను పిలిపించారు. అతను ఫోనుని చేతిలోకి తీసుకుని సందేహంగా, "ఎక్కడ ఎయ్యమంటారండి?" అని అడిగాడు.

"ఇందులో అత్యంత విలువైనదేది?" అన్నారు భానోజీరావు గారు.

"అందరూ కెమెరా అంటన్నారండి."

"మరి?"

అప్పన్న కెమెరా కళ్ల మీద నంబరు వేశాడు. మూడు కళ్లూ దగ్గరదగ్గరగా ఉండడం వల్ల అంకెలు కలిసిపోయి ముద్దయ్యాయి. చెరిగిపోకుండా రెండో పూత కూడా వేశాడు.

రంగు ఆరాక, ఊరికే చూద్దామని అధ్యక్షుల వారిని మళ్లీ ఫోటో తీశాను. ఫోను నిండా మెత్తని పసుపు పరుచుకుంది, మధ్యలో ఒక ముదురు నీడ. ఆ నీడకు ముడతల్లేవు, సంచుల్లేవు, బట్టతల లేదు. హైమవతి గారు గుర్తింపు కార్డు పక్కన పెట్టి చూశారు. "కాదనడానికి వీల్లేదండీ" అన్నారు.

భానోజీరావు గారు లేచి నిలబడ్డారు. అందరం జీపెక్కి పరుగెత్తాం. కొత్తపేటలో గేదె లేదు, కొంగ లేదు, గుంట లేదు. రోడ్డు లేదని చెప్పగల ఆధారం ఒక్కటి కూడా ఫోటోలో లేదు. గెడ్డవీధిలో ట్యాంకు కాలికి ఆనించి తీశాం. పగులు లేదు. రావిమొక్క లేదు. రికార్డులో రంగు వేయబడినదని ఉంది, ఫోటో అంతా రంగే. కెమెరాకు నూటికి నూరు మార్కులు వేశాం. 'సదరు ఛాయాచిత్రములు ఈ కార్యాలయపు ఏ ఒక్క రికార్డునూ ఖండించుట లేదు, కావున ఈ కెమెరా అత్యున్నత నాణ్యత గలదిగా ధ్రువీకరించడమైనది' అని నేను రాసిన వాక్యాన్ని పై అధికారులు ప్రత్యేకంగా మెచ్చుకున్నారట.

కెమెరా నెగ్గింది కాబట్టి ఎర్నమ్మ ఫిర్యాదుకు అర్హత వచ్చింది. ఫోటో జతచేశాం. అందులో పగులు లేదు కాబట్టి ఫిర్యాదు మూసేశాం. ఆ ఉత్తర్వు ఆమె చేతికి ఇవ్వాల్సింది నేనే. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. "పగులు... కనబడ... నేదు" అని ఆగింది.

"మొన్న మీరు సూసినారు కదా బావూ. నా పక్కనే నిలబడి సూసినారు."

"నేను కన్వీనరునమ్మా. చూడడం నా పని కాదు, రాయడమే."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా, ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

కెమెరాకు ప్రారంభోత్సవం చేయాలన్నారు భానోజీరావు గారు. పరీక్షల్లో ట్యాంకు ఫోటోయే తలమానికం కాబట్టి సభ గెడ్డవీధిలోనే అని నిర్ణయించారు. షామియానా ఎక్కడ వేయాలో ఆయనే స్వయంగా అడుగులు వేసి కొలిచారు. ట్యాంకు ఎంత ఎత్తో అంత దూరం నడిచి, ఆగి, వెనక్కి తిరిగి ట్యాంకు నెత్తి వంక చూసి, మరో పది గజాలు ముందుకెళ్లి "ఇక్కడ" అన్నారు.

ఎర్నమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. "ట్యాంకు బాగుంటే అంత దూరం ఏల బావూ?"

"ధ్వని సౌలభ్యం కోసం" అన్నారు ఆయన.

ఆమె, ఆయన కొలిచిన దూరాన్నీ, షామియానా గుంజలనూ, ట్యాంకునూ ఒకసారి కలిపి చూసి లోపలికి వెళ్లింది.

సభకు జనం రాలేదు. ఖాళీ కుర్చీలకు ఉపన్యాసం ఇవ్వడం బాగుండదని కేంద్రంలోని పిల్లల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టాం. కార్యక్రమ పత్రంలో చివరి అంశం వందన సమర్పణ. దానికి స్థానిక మహిళ ఉండాలని ఎర్నమ్మ పేరు అచ్చు వేయించాం. ఉపన్యాసాలు అయ్యాయి. ఫోనుకు దండ వేశారు. ఎర్నమ్మను పిలిచారు.

ఆమె మైకు ముందు నిలబడింది. "అందరికీ దణ్ణాలు సెప్పమన్నారు. ఎవలికి, ఏల సెప్పాలో ఆలోసించుకోవాల. నాకు కొంచెం టైం గావాల" అని, వెళ్లి పిల్లల పక్కన చాప మీద కూర్చుంది.

మేం ఎదురుచూశాం. సాయంత్రమైంది. వందన సమర్పణ జరగని సభ ముగిసినట్టు కాదు. ముగియని సభకు మినిట్స్ మూయకూడదు, మినిట్స్ లేకపోతే ఖర్చు మంజూరు కాదు. "వాయిదా వేద్దామా?" అన్నారు భానోజీరావు గారు. వాయిదా వేస్తే రేపటిది రెండో సభ అవుతుంది, రెండో సభకు అనుమతి లేదు, అన్నారు హైమవతి గారు. కాబట్టి సభ జరుగుతూనే ఉందని తీర్మానించాం.

"మరి నాను పిల్లల్ని కేంద్రంలోకి తీస్కెల్లిపోనా?" అని అడిగింది ఎర్నమ్మ.

"అదెలా కుదురుతుంది? సభికులు లేని సభను సభ అంటారా?" అన్నారు భానోజీరావు గారు.

"అయితే ఆ ముక్క రాసిచ్చేయండి బావూ. కేంద్రం బయట ఎందుకున్నారని మా ఆఫీసోల్లు అడుగుతారు."

రాయమని ఆయన నాకు సైగ చేశారు. 'సభ ముగియువరకు బాలబాలికలు కేంద్రములోనికి పోరాదు, సభాస్థలియందే ఉండవలెను' అని రాశాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా, అంత గుండ్రంగా ఏ కాగితమూ రాయలేదు. ముద్ర రెండుసార్లు కొట్టాను. ఎర్నమ్మ దాన్ని చదువుకుని, నా వైపు చూసి, కొంగున ముడేసుకుంది.

అప్పటి నుంచి అంగన్‌వాడీ షామియానా కింద నడిచింది. పిల్లలు అక్కడే పాడారు, అక్కడే తిన్నారు, అక్కడే నిద్రపోయారు. భానోజీరావు గారు రోజూ జీపులో వచ్చి అడిగేవారు. "ఏమ్మా, ఆలోచించావా?"

"ఆలోసిస్తన్నాను బావూ. మాట కుదరట్నేదు."

"రెండు ముక్కలు నేను రాసివ్వనా?"

"మనసులోంచి రావాల కదేటి బావూ దణ్ణం."

ముసురు పట్టింది. రెండు రోజులు వాన వదలలేదు, పిల్లలు ఇళ్ల దగ్గరే ఉండిపోయారు. మూడోనాడు తెరిపిచ్చింది, పిల్లలు మళ్లీ షామియానాలోకి వచ్చారు. మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా నేల అదిరినట్టయింది. కిటికీలోని సిమెంటు పెచ్చు జారి కిందపడింది. నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెప్పులు లేకుండా పరుగెత్తాను.

ట్యాంకు లేదు. అది ఉన్నచోట ఆకాశం ఉంది. అంగన్‌వాడీ కేంద్రం ఉన్నచోట సిమెంటు దిబ్బ ఉంది, దిబ్బలోంచి రేకుల అంచులు వంకర తిరిగి బయటికొచ్చాయి. వంటగిన్నె ఒకటి అప్పడంలా చదునైపోయింది. ట్యాంకు నీళ్లన్నీ వీధి దాటి షామియానాలోకి పారాయి. పిల్లలు కంచాలు తలమీద పెట్టుకుని ఆ నీళ్లలో గెంతుతూ నవ్వుతున్నారు. ఎర్నమ్మ వాళ్లను లెక్కపెడుతోంది. ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కరి నెత్తి మీదా చెయ్యి వేస్తూ లెక్కపెట్టింది. అందరూ ఉన్నారు. నేను గుంజ పట్టుకుని కూలబడి ఏడ్చేశాను.

జీపు వచ్చింది. భానోజీరావు గారు దిగి దిబ్బ వంక చూశారు. ముఖం తెల్లబోయింది. ఆ ముఖంలో ఒక్క క్షణం మనిషి కనబడ్డాడు. ట్యాంకు పడిపోయిందంటే నివేదిక తప్పు. నివేదిక తప్పంటే నూరు మార్కులు వేసిన ఆయన తప్పు. ఆ క్షణం గడిచిపోయింది. ఆయన జేబులోంచి ఫోను తీసి, దిబ్బ మీదున్న ఒక పెద్ద సిమెంటు పలక ఎక్కి నిలబడి, జాగ్రత్తగా ఫోటో తీశారు. తీసి, చూసుకుని, తెరిపినపడ్డారు.

"ట్యాంకు యథాతథం" అన్నారు. "కేంద్రం కూడా యథాతథం. రాయవయ్యా జోగారావు."

వీధి వీధంతా అక్కడే ఉంది. కలం నా జేబులోనే ఉంది, నేను తీయలేదు. ఆయన అది గమనించలేదు.

"ఎర్నమ్మా" అన్నారు. "సభ పేరుతో ఇన్నాళ్లు పిల్లలు కేంద్రం బయట ఉండడం బాగులేదు. వానలు కూడాను. ఆ నాలుగు మాటలూ చెప్పేసి సభ ముగించు. పిల్లల్ని లోపల కూర్చోబెట్టు."

ఎర్నమ్మ నీళ్లలోంచి నడిచి వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఆమె రొంటినున్న తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కేంద్రం తాళం బావూ. మీరే తలుపు తీసి, లోపల కూకుని, పిల్లల్ని పిలవండి. మీరు లోపల్నుంచి పిలిత్తే పంపిత్తాను. అప్పుడు సెప్తాను దణ్ణాలు."

భానోజీరావు గారు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో తాళంచెవి పట్టుకుని నిలబడ్డారు. ఫోను వంక చూశారు. దిబ్బ వంక చూశారు. వీధి జనం ఆయన వంకే చూస్తున్నారు. వెనక్కి రావడానికి రికార్డు ఒప్పుకోదు, అందుకని ఆయన పలక దిగి, రాళ్ల మధ్య నెమ్మదిగా అడుగులు వేస్తూ, తలుపు ఎటువైపు ఉండేదో వెతకసాగారు.